ప్రియమైనది: ‘కారితాస్’ అను లాటిను మాటను గూర్చిన పాఠము

చదువవలసిన భాగములు: 1 కొరింథీయులకు 13వ అధ్యాయము, రోమీయులకు 5:1–5, 1 యోహాను 4:7–21.



కొంతకాలము క్రిందట మన బైబిలు తరగతిలో ఒక యౌవనుడు ఒక ప్రశ్న వేసెను. అతని యింట తాతగారు చదివిన పాత ఇంగ్లీషు బైబిలు ఒకటి యున్నది. 1611లో ఇంగ్లాండులో వెలువడిన తర్జుమాకు అది తరువాతి ముద్రణ. కొరింథీయులకు వ్రాయబడిన మొదటి పత్రిక పదుమూడవ అధ్యాయములో మన తెలుగు బైబిలునందు ‘ప్రేమ’ అని యున్న చోటనెల్ల అందులో ‘చారిటీ’ అని యున్నది. అతడు దానిని తెచ్చి చూపి యిట్లడిగెను:

“మాస్టారూ, చారిటీ అంటే బీదలకు దానం చెయ్యడమే గదా? మూడో వచనంలో పౌలు, ఆస్తి అంతా బీదలకు పెట్టేసినా చారిటీ లేకపోతే ప్రయోజనం లేదంటున్నాడు. ఉన్నదంతా ఇచ్చేసిన వాడికి ఇంక చారిటీ లేకపోవడమేమిటండీ?”

కొందరు నవ్విరి. అది నవ్వదగిన ప్రశ్న కాదు. ఇంగ్లీషు చదివిన పెద్దలు సైతము ఆ వచనమును దాటిపోవుచు ఆగి ఆలోచింపరు. ఆ దినమున నేను చెప్పిన జవాబు చాలలేదు. వేదశాస్త్ర విద్యార్థిగా నుండినప్పుడు నేర్చిన కొద్దిపాటి లాటిను నాకింకను మిగిలియున్నది గనుక, ఆ మాట ఎక్కడ పుట్టెను, ఎట్లు నడిచెను, మన చేతికి ఏ రూపమున వచ్చెను అను సంగతులను ఈ మాసపు పాఠముగా వ్రాయుచున్నాను. విభక్తులనగానే భయపడువారు మధ్య భాగమును మెల్లగా చదువవలెను గాని విడిచిపెట్టవద్దు. అసలు సంగతి కొంత అక్కడనే యున్నది.

‘చారిటీ’ అనునది లాటిను భాషలోని ‘కారితాస్’ అను మాటకు మనుమరాలు. కారితాస్ అనునది ‘కారుస్’ అను విశేషణము నుండి పుట్టినది. కారుస్ అనగా ఏమి? నిఘంటువు రెండర్థములు చూపును. ఒకటి, ఇష్టమైనవాడు, మనస్సునకు దగ్గరివాడు. రెండవది, ఎక్కువ వెల గలది. ఈ రెండర్థములు ఒక మాటలో ఎట్లు ఇమిడినవని ఇంగ్లీషువారికి గాని ఫ్రెంచివారికి గాని విప్పి చెప్పనక్కరలేదు. వారి ‘డియర్’, ‘షేర్’ అను మాటలకు నేటికిని ఆ రెండర్థములును కలవు. తెలుగువారికైతే మరింత సులభము. ‘ప్రియమైన తమ్మునికి’ అని ఉత్తరము మొదలుపెట్టుదుము. ‘ఉల్లిపాయలు ప్రియమైనవి’ అని సంతనుండి వచ్చి చెప్పుదుము. తెలంగాణములో ‘పిరమైంది’ అనెడి మాట ఈ ప్రియమే. అక్కడ సంతలో ‘గింత పిరమా?’ అని అడుగువారు రోమా పట్టణపు అంగడిలో నిలిచి ఈ లాటిను మాటను వినినచో వెంటనే గ్రహింతురు.

అంగడి అని నేను ఊరకనే అనలేదు. కారితాస్ అను మాట దేవాలయములోనికి రాకముందు ధాన్యపు కొట్లలో తిరిగినది. క్రీస్తు పూర్వము 67వ సంవత్సరమునాటికి మధ్యధరా సముద్రమంతట ఓడదొంగలు ప్రబలిరి. రోమా పట్టణమునకు కావలసిన గోధుమలు సిసిలీ, సార్దీనియా, ఆఫ్రికా తీరములనుండి ఓడలమీద రావలెను. ఓడలు రాకపోయెను, ధాన్యము దొరకకపోయెను. అప్పుడు ప్రజలు పాంపేయి అను సేనాపతికి సముద్రమంతటిమీద అధికారమిచ్చిరి. మరుసటి సంవత్సరము సిసెరో అను వక్త ఒక ప్రసంగములో ఈ సంగతిని జ్ఞాపకము చేసెను. పాంపేయిని నియమించిన దినముననే ధాన్యపు ధర ఒక్కసారిగా పడిపోయెనట. అంతకుముందున్న గిరాకీ ధరకు సిసెరో వాడిన మాట ‘కారితాస్’. పడిపోయిన చౌక ధరకు వాడిన మాట ‘విలితాస్’. ఈ రెండవ మాటను గుర్తుంచుకొనుడి. దీనికి మూలము ‘విలిస్’, అనగా చౌకైనది. వెల తక్కువైన దానిని మనుష్యులు విలువలేనిదిగా చూచిరి. విలువలేనిది నీచమైనదాయెను. ఇంగ్లీషులో నీచుని గూర్చి చెప్పు ‘వైల్’ అను మాట అట్లు వచ్చినదే.

మనలో ఉపాధ్యాయులు, గుమాస్తాలు చాలమంది యున్నారు. వారి జీతపు కాగితములో ‘డియర్‌నెస్ అలవెన్సు’ అను పద్దు ఒకటి యుండును. తెలుగులో దానిని కరువు భత్యము అందురు. అందులోని ‘డియర్‌నెస్’ అను మాటను సిసెరో లాటినులో వ్రాయవలసి వచ్చినచో ‘కారితాస్’ అనియే వ్రాసియుండును. పౌలు పదుమూడవ అధ్యాయమునకు లాటినులో వాడబడిన మాటయు, మన కరువు భత్యపు పద్దులోని మాటయు ఒకే యర్థమునుండి బయలుదేరినవి. ఇక్కడ ఒక చిన్న హెచ్చరిక: ‘కారుస్’, ‘కరువు’, ‘కరుణ’ అను మాటల ధ్వని దగ్గరగా నున్నదని చుట్టరికము కలుపవద్దు. కరువు మన సొంత మాట, కరుణ సంస్కృతము, కారుసుతో ఆ రెంటికిని సంబంధము లేదు. ధ్వనిని బట్టి చుట్టరికము కలుపుట పల్లెలో ఇంటిపేరును బట్టి చుట్టరికము కలుపుటవంటిది. కొన్నిసార్లు నిజమగును, ఎక్కువసార్లు నవ్వులపాలగుదుము.

నిజమైన చుట్టము వేరొకటి కలదు. భాషాశాస్త్రజ్ఞులు కారుస్ అను మాటను కోరిక యను అర్థము గల ఒక ప్రాచీన ధాతువునుండి తీయుదురు. సంస్కృతములోని ‘కామము’ ఆ ధాతువునుండి వచ్చినదే. ఐర్లండు దేశపు పాత భాషలో స్నేహితునికి ‘కార’ అని పేరు, అదియు ఈ కుటుంబమే. అనగా ఒకే యింట పుట్టిన ఇద్దరు అక్కచెల్లెండ్రలో ఒకరు కామమను పేరుతో మన దేశమునకు వచ్చి అరిషడ్వర్గములలో చేరెను. మరియొకరు రోమాకు పోయి అంగడిలో కొంతకాలము పనిచేసి, తుదకు సంఘములో విశ్వాస నిరీక్షణల ప్రక్కన కూర్చుండెను. పుట్టుకను బట్టి మాటయొక్క గతిని నిర్ణయింపలేము.

ఇక మన ‘ప్రేమ’ సంగతి. సంస్కృత వైయాకరణులు ‘ప్రియ’ అను విశేషణమునకు ‘ఇమన్’ అను ప్రత్యయము చేర్చి ‘ప్రేమ’ను సాధింతురు, ప్రియమైనదాని భావము ప్రేమ. పాణిని సూత్రములలో దీనికి నియమము కలదు. లాటినువారు ‘కారుస్’ అను విశేషణమునకు భావార్థక ప్రత్యయము చేర్చి ‘కారితాస్’ను సాధించిరి. వారిది మనలను చూచి చేసినది కాదు, మనది వారిని చూచి చేసినది కాదు. అయినను ప్రియము–ప్రేమ, కారుస్–కారితాస్, ఈ రెండు జతలు ఒకే అచ్చులో పోసినట్లున్నవి. లాటిను బైబిలులోని ఆ మాటకు తెలుగులో ‘ప్రేమ’ కంటె సరియైన జత దొరకదని నా యభిప్రాయము.

ఇప్పుడు వ్యాకరణము. విశేషణము మూడు లింగములలో నడుచును: పురుషునికి కారుస్, స్త్రీకి కార, నపుంసకమునకు కారుమ్. దీనికి ‘తాస్’ అను ప్రత్యయము చేరి, నడిమి అచ్చు ‘ఇ’గా మారి, ‘కారితాస్’ ఏర్పడినది. ఇట్లే ‘వేరుస్’ అనగా నిజమైనది, ‘వేరితాస్’ అనగా సత్యము. ‘బొనుస్’ అనగా మంచిది, ‘బొనితాస్’ అనగా మంచితనము. ఈ ప్రత్యయము మనకు క్రొత్త కాదు. నమ్రత, పవిత్రత, సాధుత అను మాటల తుదనున్న ‘త’ దీనికి దాయాది. వేదభాషలో ‘దేవతాతి’, ‘సర్వతాతి’ అను రూపములలో ఇది ఇంకను నిండుగా కనబడును.

లాటినులో నామవాచకములు అయిదు తరగతులుగా నడుచును. కారితాస్ మూడవ తరగతిది, స్త్రీలింగము, ఏకవచనములో దాని రూపములు ఇవి: ప్రథమలో కారితాస్, షష్ఠిలో కారితాతిస్, చతుర్థిలో కారితాతీ, ద్వితీయలో కారితాతెమ్. వీటితోపాటు మన తృతీయ, పంచమి, సప్తములు చేయు పనులను కలిపి చేయునట్టి ‘అబ్లేటివ్’ అను విభక్తి యొకటి యున్నది; అందులో కారితాతె. ప్రథమలో కనబడని రెండవ ‘త’ మిగిలిన విభక్తులలో బయటపడుచున్నది గదా? మాటయొక్క నిజమైన అంగము ‘కారితాత్’. ప్రథమలో ‘స్’ చేరినప్పుడు ఆ ‘త్’ అణగిపోయినది. ఇది వింత కాదు. మన ‘ఇల్లు’ను చూడుడి. ప్రథమలో ‘ఇల్లు’, పై విభక్తులలో ‘ఇంటిని, ఇంటికి, ఇంటిలో’. కన్ను–కంటికి, నోరు–నోటిలో. మొదట కనబడని ‘ట’ తరువాత వచ్చును. బడిపిల్లలు ‘ఔపవిభక్తికములు’ అని వల్లెవేయుదురే, అటువంటిదే.

ఆ దాగిన ‘త’ వలన ఒక ప్రయోజనము కలిగెను. రోమా సామ్రాజ్యము చెదరిన పిమ్మట ప్రజల వాడుకలో లాటిను మారుచు వచ్చినప్పుడు, నామవాచకములు ఎక్కువగా ద్వితీయా విభక్తి రూపముననే నిలిచినవి. ‘కారితాతెమ్’ ఇటలీలో ‘కరితా’ ఆయెను, స్పెయినులో ‘కరిదాద్’ ఆయెను, ఫ్రాన్సులో మొదటి ‘క’ మెత్తబడి ‘షారితే’ ఆయెను. నార్మనులు దానిని ఇంగ్లాండునకు తీసికొనిపోగా ‘చారిటీ’ ఆయెను. ‘చారిటీ’ తుదనున్న ‘ట’కారము కారితాతెములోని ఆ రెండవ ‘త’యే.

బహువచనము అరుదు. ‘కారితాతేస్’ అని సిసెరో క్రీస్తు పూర్వము 44లో తన కుమారునికొరకు వ్రాసిన ధర్మముల గ్రంథములో ఒకచోట వాడెను. తలిదండ్రులు, బిడ్డలు, బంధువులు, స్నేహితులు మనకు ప్రియులు. అయితే ఆ ప్రియములన్నింటిని దేశమొక్కటే తనలో ఇముడ్చుకొన్నదని అక్కడి తాత్పర్యము. మరియొక గ్రంథములో అతడు ‘కారితాస్’కును ‘అమోర్’ అను మరియొక ప్రేమవాచకమునకును భేదము చూపెను. దేవతలయెడల, తలిదండ్రులయెడల, దేశముయెడల, జ్ఞానులయెడల నుండునది ముఖ్యముగా కారితాస్. భార్యాబిడ్డలయెడల, సోదరులయెడల, కలిసిమెలిసి యుండువారియెడల నుండునది ముఖ్యముగా అమోర్. కాబట్టి క్రైస్తవులు ఈ మాటను అందుకొనక మునుపే దానిలో గౌరవము కలదు. మనము చేతులెత్తి మ్రొక్కువారియెడల గల ప్రేమ అది. వెల గలవారిని వెల గలవారిగా ఎంచుట.

స్త్రీలింగమన్నాను. ‘తాస్’ అంతమందు గల భావవాచకములన్నియు లాటినులో స్త్రీలింగములే. తెలుగులో ప్రేమ ‘అది’ యగును. లాటినులో ‘ఆమె’ యగును. అందుచేతనే పశ్చిమ దేశపు చిత్రకారులు ఈ గుణమును స్త్రీగా చిత్రించిరి. ఇటలీలోని పాదువా పట్టణమందొక చిన్న దేవాలయపు గోడమీద జొత్తో అను చిత్రకారుడు 1305 ప్రాంతమున ఆమెను చిత్రించెను. ఒక చేత పండ్ల గంప, మరియొక చేత తన హృదయమును పైకెత్తి దేవునికి అందించుచున్నది. చిత్రము అద్భుతము, కాని అంతటికి మూలము ఒక ప్రత్యయమే.

క్రీస్తు శకము 382లో రోమా బిషప్పు దమాసు, అప్పటికి వాడుకలోనున్న లాటిను సువార్తల ప్రతులను సరిచూడుమని జెరోమునకు పని యొప్పగించెను. ప్రతులు ఒకదానితో ఒకటి పొసగక యుండెను. సువార్తలను జెరోమే సవరించెను. పత్రికలను ఇతరులు సవరించిరని చాలమంది పండితుల తలంపు. ఈ సంపుటమే తరువాత ‘వల్గేట్’ అనబడెను. గ్రీకులోని ‘అగపే’ అను మాటకు అందులో రెండు లాటిను మాటలు వాడబడినవి: ‘కారితాస్’, ‘దిలెక్తియో’. పదుమూడవ అధ్యాయములో కారితాస్. యోహాను మొదటి పత్రిక నాలుగవ అధ్యాయములో దేవుని స్వభావమును గూర్చి చెప్పుచోటను కారితాసే.

ఆ వచనమును గూర్చి వ్యాకరణములో ఒక చిక్కు కలదు. దేవుడు, ప్రేమ అను రెండు మాటలును అక్కడ ప్రథమా విభక్తిలోనే యున్నవి. ఏది కర్త, ఏది విధేయము? గ్రీకులో ‘దేవుడు’ అను మాటకు ముందు ఉపపదము కలదు, ‘ప్రేమ’కు ముందు లేదు. కాబట్టి వాక్యమును తలక్రిందులు చేయ వీలులేదు. లాటినులో ఉపపదములే లేవు. మాటల వరుసను, సందర్భమును నమ్ముకొనవలెను. తెలుగులోను ఉపపదములు లేవు. అయితే మన తర్జుమాదారులు ‘ప్రేమాస్వరూపి’ అను మాట కూర్చి ఆ సందును మూసివేసిరి. ఎవరైనను ప్రేమయే దేవుడని త్రిప్పి చెప్పకుండ కాచిన మాట అది. సినిమాలలో ఆ త్రిప్పిన మాట ఎంత తరచుగా వినబడునో మీకు తెలియును. 2005లో రోమా సంఘపు పోపు పదునారవ బెనెడిక్టు తన మొదటి పత్రికకు ‘దేయుస్ కారితాస్ ఎస్త్’ అని ఆ వచనమునుండియే పేరు పెట్టెను. ఆయన సంఘము వేరు, మన సంఘము వేరు, వచనము ఒక్కటే.

ఇంకొక లోటు చెప్పవలెను. కారుస్ కుటుంబములో ‘ప్రేమించు’ అను క్రియ లేదు. గ్రీకులో నామము ‘అగపే’, క్రియ ‘అగపావో’, రెండును ఒకే మూలము. లాటినులో నామము కారితాస్ అయినప్పుడు క్రియను వేరొక యింటినుండి తేవలసి వచ్చెను. తెచ్చినది ‘దిలిగో’. ‘లెగో’ అనగా ఏరుట, సమకూర్చుట. దానికి ముందు ఉపసర్గ చేరి ‘దిలిగో’ అయినది. అనేకములలోనుండి ఏరి యెన్నుకొని ఆదరించుట దాని భావము. చేటలో పప్పు పోసికొని గింజ గింజ చూచి ఏరునట్టి చేతిని తలంచుకొనుడి. యిర్మీయా 31వ అధ్యాయము మూడవ వచనములో నామము కారితాస్, క్రియ దిలిగో, రెండును ప్రక్కప్రక్కన వచ్చినవి. యోహాను సువార్త 21వ అధ్యాయములో ప్రభువు పేతురును మూడు మారులు అడుగుచోట, మొదటి రెండు ప్రశ్నలలో ‘దిలిగో’ రూపము, పేతురు జవాబులలోను మూడవ ప్రశ్నలోను ‘అమో’ రూపము ఉన్నవి. గ్రీకులో రెండు వేర్వేరు క్రియలున్నందున వల్గేటు కూడ రెండు క్రియలను ఉంచినది. ఆ భేదముమీద మేడలు కట్టిన ప్రసంగములు మీరు వినియుందురు. అయితే అగుస్తీను ‘దేవుని పట్టణము’ అను గ్రంథము పదునాలుగవ కాండములో ఈ భాగమునే చూపి, లేఖనములలో అమోర్, దిలెక్తియో, కారితాస్ అను వాటికి పెద్ద భేదము లేదని వ్రాసెను. నేను అగుస్తీను పక్షము. మాటల భేదము తెలిసికొనుట మంచిది. దానితో అన్ని తాళములు తెరువబోవుట మంచిది కాదు.

క్రియ లేకపోవుట చిన్న సంగతివలె కనబడును గాని, తరువాతి కాలమున అది ఒక గొప్ప వివాదములో సాక్ష్యముగా నిలిచెను. 1526లో విలియం టిండేలు వర్మ్సు పట్టణములో అచ్చువేయించిన ఇంగ్లీషు క్రొత్త నిబంధనలో, పదుమూడవ అధ్యాయమునందు ‘చారిటీ’ని తీసివేసి ‘లవ్’ అని పెట్టెను. 1529లో సర్ థామస్ మోరు దానిని తీవ్రముగా ఖండించెను. ‘లవ్’ అనునది మంచి ప్రేమకు, చెడు ప్రేమకు కూడ చెల్లునట్టి మాట. ‘చారిటీ’ అనునది పరిశుద్ధమైన ప్రేమకే చెల్లును. మంచి మాటను తీసి సామాన్యమైన మాటను ఏల పెట్టవలెను? ఇది అతని వాదము. 1531లో టిండేలు జవాబు వ్రాసెను. ఇంగ్లీషులో చారిటీ యనునది ఇంకొక యర్థములోనికి జారిపోయినదనెను. అంతేకాక ఆ మాటకు క్రియ లేదనెను. దేవుని ప్రేమించుమని, పొరుగువానిని ప్రేమించుమని చెప్పుటకు ‘లవ్’ పనికివచ్చును. ‘చారిటీ’ని క్రియగా త్రిప్పి ఎవరును మాటలాడరు గదా యని అతని ప్రశ్న. బలమైన ప్రశ్న అది. అయితే మోరు మాటలోను న్యాయము లేకపోలేదు. మన భాషలోను ‘ప్రేమ’ను సినిమా గోడపత్రికలు ఎట్లు వాడుచున్నవో చూచినవారు అతని బాధను గ్రహింతురు. ప్రేమను గూర్చిన మాటకొరకు వాదించుకొన్న వారిద్దరికిని ప్రేమ లభింపలేదు. మోరు 1535లో రాజాజ్ఞచే శిరశ్ఛేదమునకు గురియాయెను. టిండేలు 1536లో విల్వోర్దు పట్టణమున ఉరిబిగించి చంపబడి దహింపబడెను.

1560 నాటి జెనీవా బైబిలు ‘లవ్’ అని యుంచినది. 1611 నాటి తర్జుమా మరల ‘చారిటీ’కి పోయినది. 1881లో సవరింపబడిన క్రొత్త నిబంధన వచ్చువరకు ఇంగ్లీషువారి చెవులలో అదే మ్రోగెను. మన యౌవనుని తాతగారి బైబిలు ఆ పాత ధ్వనినే దాచియుంచినది.

షష్ఠీ విభక్తిని గూర్చి కొంచెము ఆగవలెను. రోమా పత్రిక 5:5లో పరిశుద్ధాత్మవలన మన హృదయములలో కుమ్మరింపబడినదని చెప్పబడినది ‘దేవుని ప్రేమ’. లాటినులో ‘కారితాస్’కు ‘దేవుడు’ అను మాట షష్ఠిలో చేర్చబడినది. అది దేవుడు మనలను ప్రేమించు ప్రేమయా, మనము దేవుని ప్రేమించు ప్రేమయా? సంస్కృతము చదివినవారు దీనిని కర్తరి షష్ఠియా, కర్మణి షష్ఠియా అని అడుగుదురు. ‘తల్లి ప్రేమ’ అనగా తల్లి చూపు ప్రేమ. ‘ధనాపేక్ష’ అనగా ధనము మనలను అపేక్షించుట కాదు! అగుస్తీను 412 ప్రాంతమున ‘ఆత్మయు అక్షరమును’ అను గ్రంథములో, ఇక్కడిది దేవుడు మనలను ప్రేమించు ప్రేమ కాదు, మనలను తన ప్రేమికులుగా చేయునట్టి ప్రేమ అని వ్రాసెను. తరువాతి వచనములను చదువగా నాకు అట్లు తోచదు. ఎనిమిదవ వచనము దేవుడు మనయెడల చూపిన ప్రేమనే విప్పి చెప్పుచున్నది గదా. అయినను కుమ్మరింపబడిన నీరు కడవలో నిలిచి మరల ముంచుకొనుటకు పనికివచ్చునట్లు, మొదటిది రెండవదానిని పుట్టించునని ఒప్పుకొనవచ్చును. ఎఫెసీ 3:17లో మరియొక విభక్తి, అబ్లేటివు. లాటినులో ‘ఇన్’ అను అవ్యయము ద్వితీయతో వచ్చిన ‘లోనికి’ పోవుట, అబ్లేటివుతో వచ్చిన ‘లో’ నిలిచియుండుట. వేరుపారుటను గూర్చిన ఆ వచనములో ‘కారితాతె’ అని నిలుకడ విభక్తి యున్నది.

యోహాను మొదటి పత్రిక 4:7లో ‘ప్రియులారా’ అని మనమెరిగిన పిలుపునకు లాటినులో ‘కారిస్సిమీ’ అని యున్నది. అది కారుసునకు అతిశయార్థక రూపము, సంబోధన బహువచనము. మిక్కిలి ప్రియులారా అని యర్థము. యోహాను మూడవ పత్రికలో గాయుని పిలుచుట ‘కారిస్సిమె’, ఏకవచనము. అంగడి అర్థమును మరువక చదివినచో, మిక్కిలి వెల గలవాడా అని పిలుచుటయే.

మధ్యకాలపు వ్రాతగాండ్రు కొందరు ఈ మాటలో ఒక హకారము చొప్పించి ‘ఖారితాస్’ అని వ్రాసిరి. గ్రీకులోని ‘ఖారిస్’, అనగా కృప, దీనికి మూలమని వారి భ్రమ. అది తప్పు, కృపకు, ప్రియమునకు వేర్వేరు ధాతువులు. తప్పే గాని భక్తిగల తప్పు.

ఇక మన యౌవనుని ప్రశ్న. ప్రేమ చేయు పనులలో బీదలను ఆదుకొనుట ముఖ్యమైనది గనుక, కారితాస్ అను పేరు క్రమముగా ఆ పనికి అంటుకొనెను. పిమ్మట పనికి, ఇచ్చిన డబ్బుకు, డబ్బు వేయు పెట్టెకు, పెట్టెను నడుపు సంస్థకు అంటుకొనెను. తుదకు ప్రేమ లేకున్నను చారిటీ నడువవచ్చునను స్థితి కలిగెను. 1 కొరింథీ 13:3లో పౌలు చెప్పినది సరిగా ఆ స్థితినే. అయితే ఆ స్థితికి పేరుగా అతని మాటయే వాడబడునని అతడు తలంచియుండడు.

దీనిని నేను పుస్తకములో చదివి మాత్రమే చెప్పుట లేదు. చాల సంవత్సరముల క్రిందట నేను మరియొక ఊరి సంఘములో ఖజానాదారుగా నుంటిని. ఆ యేడు బియ్యపు ధర మిక్కిలి పెరిగెను. సంఘములో బీదలైన పదునాలుగు కుటుంబములకు క్రిస్మసు ముందు ఆదివారమున బియ్యపు సంచులు ఇయ్యవలెనని తీర్మానించితిమి. నా లెక్కల పుస్తకములో ఆ పుటకు ‘చారిటీ లిస్టు’ అని శీర్షిక. ఆరాధన ముగిసిన తరువాత నేనే నిలువబడి పేర్లు చదివితిని; పిలువబడినవారు ముందుకు వచ్చి సంచి అందుకొని పోయిరి, చందాదారులు చూచుచుండిరి. ఒక వృద్ధ విధవరాలి పేరు రెండు మారులు పిలిచితిని. ఆమె తన చోట కూర్చుండియే యుండెను, రాలేదు. వినబడలేదేమో యని మూడవ మారు బిగ్గరగా పిలిచితిని. ఆమె లేచి తలుపువైపు వెళ్లిపోయెను.

సాయంకాలము ఆ సంచిని సైకిలుమీద పెట్టుకొని ఆమె యింటికి పోతిని.

“మామ్మగారూ, మీ వంతు మరచిపోయి వచ్చారు” అంటిని.

ఆమె నన్ను కూర్చుండుమని పీట వేసెను. మజ్జిగ ఇచ్చెను. తరువాత మెల్లగా అనెను: “బియ్యం ప్రియమైపోయాయని ఇస్తున్నారు మాస్టారూ, మంచిదే. మనుషులే చవకైపోయాం.”

లాటినులో ‘కారుస్’కు ప్రతిపదము ‘విలిస్’ అని నాకు అప్పటికే తెలియును. ఆ రెండు మాటలను ఆమె ఏ పాఠశాలలోను నేర్వలేదు. నేను జవాబు చెప్పలేక సంచిని తిరిగి సైకిలుమీద పెట్టుకొని వచ్చితిని.

మరుసటి సంవత్సరము పేర్లు చదువుట మాన్పించితిమి. లెక్కల పుస్తకములోని ఆ పుట శీర్షికను నేను కొట్టివేసితిని గాని దాని స్థానమున ఏమి వ్రాయవలెనో తోచక చాలకాలము ఖాళీగా నుంచితిని. శనివారములలో మా యింటిదియు, స్త్రీల సమాజమువారు ఇద్దరును ఇండ్లకు పోయి, కూర్చుండి, మాటలాడి, ప్రార్థన చేసి, కావలసినది ఇచ్చి వచ్చుచుండిరి. ఆ మామ్మగారు మొదటి రెండు మారులు తీసికొనలేదు. మూడవ మారు సంచి తీసికొని లోపల పెట్టి, పెరటిలోనికి పోయి, కరివేపాకు రెబ్బలు గుప్పెడు త్రుంచి, “ఇవి మాస్టారికియ్యమ్మా, చారులోకి” అని మా యింటిదాని చేతిలో పెట్టెను. ఆ రాత్రి చారులో వేసికొంటిమి.